పల్లీ నూనెలో మునిగిన కత్తి

కత్తి విరిగే చప్పుడు పెద్దగా ఉండదు. ఇత్తడి గ్లాసును గోటితో మీటితే ఎంత వస్తుందో అంతే. టింగ్! ఎర్రగా కాల్చిన కత్తిని బకెట్టు నీళ్లలో ముంచి, ఆవిరి తగ్గేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతామా, సరిగ్గా అప్పుడు నీళ్ల లోపలి నుంచి వినిపిస్తుంది. తీసి చూస్తే వెంట్రుకంత పగులు. ఏడాది ఆదివారాలు ఆ పగుల్లో పడి పోతాయి. ఆ చప్పుడు నేను మూడుసార్లు విన్నాను.

నేను కమ్మరిని కాను. తెనాలిలో ఒక బీమా ఆఫీసులో గుమస్తాని. కొందరికి పేకాట, కొందరికి తపాలా బిళ్లలు. నాకు పాతకాలపు కత్తిని నా చేత్తో సాగగొట్టి తయారు చేయాలని పిచ్చి. యుద్ధాల మీద మోజేమీ లేదు. కోడిని కోస్తుంటే మొహం తిప్పుకునే రకాన్ని. ఒక ఇనుప పట్టీ నిప్పుల్లోకి వెళ్లి కత్తిగా ఎలా బయటికొస్తుందో చూడాలి, అంతే. పెరట్లో మట్టితో చిన్న కొలిమి కట్టాను. గాలికి పాత టేబుల్ ఫ్యాను. దాగలికి, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మకి, రైలు పట్టా ముక్క. ఆ మోతకి పక్కింటివాళ్లు మాతో మాటలు మానేశారు. మూడో కత్తి విరిగిన రోజు మా ఆవిడ లక్ష్మి దండెం మీద బట్టలు ఆరేస్తూ, నా వైపు తిరగకుండానే చెప్పింది.

“నాలుగోది కూడా విరిగిందంటే మీ కొలిమి, దాగలి, సుత్తెలు అన్నీ పాత సామాన్లవాడి బండి ఎక్కిస్తాను. ఒప్పుకుంటారా?”

ఒప్పుకున్నాను. మూడు విరగ్గొట్టినవాడికి ఇంకేం మాట ఉంటుంది? అది రెండువేల ఐదు, జూన్ మొదలు. ఎనిమిది రోజులు సెలవు పెట్టి, మూడో కత్తి ముక్కను పాత పంచెలో చుట్టుకుని పాలమూరు వైపు బయల్దేరాను. పాత సంస్థానాల కత్తులు అక్కడ ఇంకా గోడలకు వేలాడుతున్నాయని, నిప్పు దగ్గర చేయి తిరిగినవాళ్లు ఇంకా ఉన్నారని ఎవరో చెప్పగా విన్నాను. నాకు అంతే చాలు.

గద్వాల: దసరా దాకా దిగని కత్తి

గద్వాలలో దిగగానే ఉగ్గాణి తిన్నాను. నానబెట్టిన బొరుగులకు తాలింపు, పైన పుట్నాల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు, మొత్తం ఆరు రూపాయలు. మా వైపు బొరుగులంటే పిల్లలకి ఉండలు కట్టి పెట్టడమే తెలుసు. ఇక్కడ పొద్దున్నే పెద్దవాళ్లు నిలబడి, కళ్లలో నీళ్లు కారేలా కారంగా తింటున్నారు. నేనూ తిన్నాను. కళ్లు తుడుచుకుంటుంటే, “ఇంకో బజ్జి తీస్కో సారూ, అప్పుడు సర్దుకుంటది” అన్నాడు పక్కన నిలబడ్డ ఆయన.

ఆయన పేరు కిష్టప్ప. చీరలు నేస్తాడు. ఎందుకొచ్చావని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన బజ్జీ పూర్తి చేసి, చేయి కడుక్కుని, “మా ఇంట్ల ఒకటున్నది, చూస్తవా?” అన్నాడు. కాళ్లు నేల మీద ఆనలేదు నాకు!

మగ్గం ఉన్న గదిలో, మగ్గానికి ఎదురుగా గోడ మీద రెండు మేకులకు ఆనించి ఉంది కత్తి. కొడవలి కాదు, గొడ్డలి కాదు, నిజం కత్తి. నెలవంకలా కొద్దిగా వంపు, పిడి దగ్గర పసుపు, కుంకుమ, మిగతా ఒళ్లంతా తుప్పు. కిష్టప్ప ముత్తాత కోటలో కావలి ఉండేవాడట. చేతిలోకి తీసుకోవచ్చా అని అడిగాను. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు.

“దసరాకు దింపుతం. పూజ చేసి మళ్ల ఎక్కిస్తం. నడుమల దింపేది లేదు” అన్నాడు కిష్టప్ప.

“దసరాకి ఇంకా నాలుగు నెలలుందండీ.”

“గట్లయితె గోడమీదనే రాస్కో.”

చివరికి స్టూలెక్కి, కత్తి మీద వార్తాపత్రిక ఆనించి, పెన్సిలుతో రుద్ది వంపంతా కాగితం మీదికి దింపుకున్నాను. స్టూలు కాళ్లలో ఒకటి పొట్టిది. ఆ ఇల్లాలు దాన్ని కాలితో తొక్కిపట్టి, కన్నడంలో ఏదో అని పకపకా నవ్వింది. ఆవిడది రాయచూరు వైపు. “ఏమన్నారు?” అని అడిగితే కిష్టప్ప మొహమాటంగా, “బల్లి లెక్క ఉన్నడు అంటున్నది” అన్నాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టి గానీ పంపలేదు. మగ్గం మీద సగం నేసిన చీర ఖరీదు అడిగి, లక్ష్మికి కొందామన్న ఆలోచన కాగితంతో పాటు మడిచి జేబులో పెట్టుకున్నాను.

కొత్తకోట: యూసుఫ్ భాయ్ తీర్పు

మర్నాడు కొత్తకోటలో దిగాను. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే లారీలన్నీ ఇక్కడ ఒకసారి ఆగి, ఏదో ఒకటి విప్పించుకుని, ఏదో ఒకటి తిని పోతాయి. లారీల చక్రాల పైన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండే కమాన్ పట్టీలే నాకు కావలసిన ఉక్కు. విరిగిన మూడు కత్తులూ అలాంటి పట్టీలతో చేసినవే.

పట్టీలు బాగుచేసే యూసుఫ్ భాయ్ లారీ కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్లకే నా కథ చెప్పుకున్నాను. మూడో కత్తిని నీళ్లలో ముంచడం దగ్గరికి రాగానే మనిషి మొత్తం బయటికొచ్చాడు.

“నీళ్లల ముంచితివా? కమాన్ పట్టీని? అరె సాబ్! నీళ్లల ముంచితె ఇరగక ఏమైతది? దీనికి నూనె గావాలె. మేం పాత ఇంజన్ ఆయిల్ల ముంచుతం.”

“మూడుసార్లు నీళ్లలోనే ముంచానండీ.”

“మూడుసార్లా!” అని పక్క షెడ్డువాణ్ణి పిలిచి మరీ చెప్పాడు. ఇద్దరూ కలిసి నన్ను చూసి చాలాసేపు జాలిపడ్డారు. తర్వాత కుప్పలోంచి పట్టీలు ఒక్కొక్కటి తీసి, రాతి మీద మోగించి, చెవి దగ్గర పెట్టుకుని విని, నాలుగింటిని పక్కన పడేసి ఐదోది నా చేతికిచ్చాడు.

“ఇది సాఫ్ ఉన్నది. నేను పట్టీలు సరిజేస్త గని కత్తి కొట్టుడు నాకు తెల్వదు. ఉప్పునుంతల దిక్కు పో. మా డ్రైవర్లు గొడ్డండ్లు ఆడికెళ్లే తెస్తరు. పాత కమ్మరోళ్లున్నరు.”

టీ డబ్బులు ఇవ్వబోతే చేయి పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేక, పెరట్లో ఒంటరిగా విరగ్గొట్టుకున్న సంగతి ఒక లారీ కింద అయిదు నిమిషాల్లో తేలిపోయింది. నాకు కోపం రావాలి. కానీ ఎగిరి గంతేయాలనిపించింది.

వనపర్తి: గోనెలో ఏముంది?

వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో ఇప్పుడు పిల్లలు పాలిటెక్నిక్ చదువుకుంటున్నారు. గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చాను. కత్తులు పట్టుకుని కావలి ఉన్న చోట సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

బస్టాండులో ఒక కానిస్టేబుల్ నా ముందు ఆగాడు. గోనెలో చుట్టిన పొడుగాటి ఇనుము, సంచీలో విరిగిన కత్తి ముక్క, జేబులో కత్తి బొమ్మ. నన్ను నేను చూసుకుంటే నాకే అనుమానం వచ్చింది. అన్నీ బల్ల మీద పరిచి పావుగంట సంజాయిషీ చెప్పుకున్నాను. ఆయన విరిగిన ముక్కను తిప్పితిప్పి చూసి చివరికి అడిగాడు.

“అంటే నీకు కత్తి చేసుడు రాదు.”

“రాదండీ.”

“నేర్చుకునుడికి పోతున్నవ్.”

“అవునండీ.”

“పో మరి. బస్సు కదులుతున్నది” అని గోనెమూటను తనే బస్సెక్కించాడు. నా చేతకానితనం నాకు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే.

గోపాల్‌పేట: మణెమ్మ

గోపాల్‌పేట దాటగానే బస్సు టైరు పంచరయింది. అందరం దిగి రోడ్డు పక్కన కూర్చున్నాం. నా పక్కన ఒకావిడ కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. ఒక రేకు పెట్టె, ఒక విత్తనాల సంచీ. పేరు మణెమ్మ. నాలుగు నెలలు బొంబాయిలో బిల్డింగు పని చేసి వస్తోంది. మిగతా జట్టు అక్కడే ఆగిపోయిందట. ఈమె మాత్రం కౌలుకు తీసుకున్న రెండెకరాల మెట్ట చెలకలో ఆముదాలు పెట్టడానికి తిరిగొచ్చేసింది. మాటిమాటికీ పడమటి వైపు చూస్తోంది.

“మొగులు పట్టింది సారూ. వాన నాకంటె ముందు ఊరు చేరితె నేను ఆగమైత. గా గోనెల ఏముంది, కర్రా?”

కర్రు అంటే నాగలి మొన. కాదు, కత్తి చేయాలి అని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“కత్తితోని ఏం జేస్తవ్?”

“ఏమీ చేయను. గోడకు తగిలిస్తాను.”

“గోడకా!” అని బొంబాయి నుంచి ఇక్కడి దాకా వచ్చిన అలసటంతా పోయేలా నవ్వింది. “మా ఊర్లె బ్రహ్మయ్య ఉన్నడు. పెండ్లాం సమ్మెట కొడ్తది, ఆయన సుత్తె కొడ్తడు. నాతోని రా. గోడకు కత్తి అంటె ఏమంటడో నేను గూడ వింట.”

అలా నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి, ఉప్పునుంతలలో దిగి, ఆవలి చిన్న ఊరికి ఎడ్లబండి మీద చేరేసరికి నాకొక పెద్దదిక్కు దొరికింది. ఒక రేకు పెట్టె మోసే బాధ్యతా దొరికింది.

చీకటి కొలిమి

బ్రహ్మయ్యకు అరవై దాటి ఉంటాయి. “బ్రహ్మయ్య గారూ” అని పిలిస్తే వెనక్కి తిరిగి, ఇంకెవరైనా వచ్చారేమోనని చూశాడు. ఆయన భార్య సత్తెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ఊళ్లో ‘గారు’ అనిపించుకున్న మొదటి మనిషి ఆయనేనని తర్వాత మణెమ్మ చెప్పింది.

“కత్తా? నా జిందగీల కొట్టలే. కొడవలి కొడ్త, గొడ్డలి కొడ్త, కర్రు కొడ్త. మా తాత కొట్టిండంటరు” అన్నాడు గానీ, నా విరిగిన ముక్కను మాత్రం వదల్లేదు. విరిగిన చోట వేలితో రాసి, వెలుతురుకు పెట్టి చూశాడు. “లోపట ఇసుక లెక్క ఉన్నది చూడు. మంచి ఇనుము విరిగితె పిండి లెక్క ఉండాలె. ఎక్కువ కాల్చినవ్. యాడ కాల్చినవ్?”

“పెరట్లో.”

“ఎండలనా?”

“ఎండలోనే.”

“ఎండల నిప్పు రంగు కండ్లకు ఆనుతదా సారూ?”

మూడేళ్లు! ఎండ వెలుగులో ఎరుపు తెలియక, ఇంకా కాలలేదనుకుని ప్రతిసారీ రెండింతలు కాల్చాను. బ్రహ్మయ్య కొలిమి గుడిసెకు కిటికీ లేదు. పట్టపగలు కూడా లోపల సందెచీకటి. కావాలనే అలా కట్టుకున్నారు. మా పెరట్లో అంత వెలుగులోనూ నేను చూడలేనిది, ఇక్కడ చీకటి చేసుకుని చూస్తున్నారు.

గద్వాల కాగితం గోడకు అంటించాం. నా భయం కూడా దాచుకోలేదు. ఇది విరిగితే ఇంట్లో కొలిమి ఉండదని చెప్పేశాను. సత్తెమ్మకు నా మీద జాలేసింది. “ఇరగదు గని, సమ్మెట పట్టు బిడ్డా” అంది.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. బ్రహ్మయ్య చిన్న సుత్తెతో ఎక్కడ కొట్టాలో చూపిస్తాడు, అక్కడ సత్తెమ్మ ఒక దెబ్బ, నేను ఒక దెబ్బ. ఆమెది పడ్డచోటే పడుతుంది. నాది దాగలి మీద, ఒకసారి నేల మీద, ఇంకోసారి బ్రహ్మయ్య వేలికి అంగుళం దూరంలో పడింది. అయినా పట్టీ సాగింది! మైనంలా మెత్తబడి, నా కళ్ల ముందు పొడుగవుతూ, గద్వాల వంపు తిరిగింది. నాకు కేకలు వేయాలనిపించింది, వేశాను కూడా. దారిన పోయేవాళ్లు తొంగిచూశారు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కి, సత్తెమ్మ పెట్టిన గటక, పచ్చిపులుసు తినడానికి చేయి ముడుచుకోలేదు. గటకంటే జొన్నరవ్వతో వండిన ముద్ద. మా వైపు ఇలాంటిది ఒంట్లో బాగోనివాళ్లకి పెడతారు. నేను మూడుసార్లు పెట్టించుకున్నాను.

తిని వచ్చేసరికి కత్తి తిన్నగా ఉంది.

వంపు లేదు. గీత గీసినట్టు తిన్నగా! బ్రహ్మయ్య దాన్ని పట్టకారుతో పట్టుకుని, తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు. అసలు జరిగింది ఇది. కత్తికి పదును వంపు బయటి వైపు ఉండాలి. కొడవలికి లోపలి వైపు. నేను అన్నం తింటుండగా ఆయన అంచు పలచన చేయడం మొదలుపెట్టి, తనకు తెలియకుండానే లోపలి వైపు కొట్టుకుంటూ పోయాడు. ఏ వైపు కొడితే ఆ వైపు సాగుతుంది కదా, లోపల సాగి వంపంతా తీరిపోయింది.

“నలభై ఏండ్ల సంది కొడవండ్లు కొట్టిన చేయి సారూ. నేను ఆగుమన్నా ఆగలే” అన్నాడు.

నేను మొహం వేలాడేశాను, అబద్ధమెందుకు? గద్వాల కత్తి పోయింది. సత్తెమ్మ నా చేయి పట్టుకుని ఊరి చివర గొర్రెల దొడ్డి దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ నడుం దాకా పాతిన ఒక పలక రాయి ఉంది. గొర్రెలు ఒరుసుకుని ఒరుసుకుని నునుపైంది. ఆమె కొంగుతో దుమ్ము తుడిచింది. లోపల ఒక వీరుడు. ఎడమచేత డాలు, కుడిచేత కత్తి. తిన్నని, రెండంచుల కత్తి!

“ఈరన్న రాయి. గాయన చేతుల గూడ గిట్లనే ఉన్నది గద బిడ్డా?”

అది ఏ కాలానిదో నాకు తెలియదు. గద్వాల కత్తి కంటే మాత్రం చాలా పాతది. నాకు కావలసిన పాతకాలం ఇదీ! నేను పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చి, “రెండో వైపు కూడా కొట్టండి బ్రహ్మయ్య గారూ!” అని అరిచాను. వంగబోయినప్పుడల్లా సరిచేస్తూ కొడితే, సాయంత్రానికి రెండు వైపులా సమంగా పలచబడి, తిన్నగా, మూడడుగుల కత్తి గోడకు ఆనింది. ఇక మిగిలింది ఒక్కటే. ఎర్రగా కాల్చి ముంచడం. మూడుసార్లు నేను ఓడిపోయిన చోటు అదే.

యూసుఫ్ భాయ్ చెప్పిన నూనె సంగతి ఎత్తితే బ్రహ్మయ్య కస్సుమన్నాడు. “ఇంజన్ ఆయిలా? గా కంపు కొలిమి కాడికి రానియ్య. కొలిమి మాకు దేవుడు. నూనె గావాలంటె మంచి పల్లీ నూనె తే.”

మూడడుగుల కత్తి నిలువునా మునగాలంటే ఎంత నూనె కావాలి? పొద్దున్నే ఉప్పునుంతల పోయి డబ్బా కొనుక్కొస్తానన్నాను. ఆ మాట అంటుండగానే గుడిసె మీద చినుకులు పడ్డాయి.

తొలి వాన

అంత మట్టి వాసన నేను ఎన్నడూ పీల్చలేదు. ఊరంతా ఇళ్లల్లోంచి బయటికొచ్చి తడుస్తూ నిలబడింది. మణెమ్మ దూరం నుంచే అరిచింది, “చూసినవా సారూ, నేనే ముందొచ్చిన!” నాకూ సంతోషమే. తెల్లారేసరికి గుడిసె ముందు ఇరవై మంది రైతులు, ఇరవై కర్రులు. నా కత్తి మూలకు జరిగింది.

“వాన పడ్డంక కొలిమిల ముందు కర్రు. కర్రులన్ని ఒడిసెదాక ఇంకోటి పెట్ట. మా నాయిన పెట్టలే, నేను పెట్ట” అన్నాడు బ్రహ్మయ్య.

“నా సెలవు ఎల్లుండితో అయిపోతుంది.”

“తెల్సు.”

అంతే. తెలిసినా పెట్టడు. ఒక పూట నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం వచ్చి, నూనె లేక, నిప్పు లేక, కత్తిని మూలన పెట్టుకుని కూర్చోవడం! తర్వాత సత్తెమ్మ ఒక్కతే ఇరవై కర్రులకు సమ్మెట ఎత్తడం చూసి కూర్చోలేకపోయాను. లేచి రెండో సమ్మెట పట్టుకున్నాను. ఆ రోజు, మర్నాడు, కర్రు తర్వాత కర్రు. బొబ్బలు పగిలి, గట్టిపడి, మళ్లీ పగిలాయి. కానీ రెండో రోజు మధ్యాహ్నానికి నా దెబ్బ పడ్డచోటే పడటం మొదలైంది. బ్రహ్మయ్య తల ఎత్తకుండానే, “ఇప్పుడు వింటున్నది” అన్నాడు. సమ్మెట నా మాట వింటోందని. బీమా ఆఫీసులో పద్దెనిమిదేళ్లలో నాకు అంత పెద్ద మెప్పు రాలేదు.

వర్షానికి వాగు పొంగి ఉప్పునుంతల దారి మూసుకుపోయింది. ఇక నూనె ఎక్కడిది? సాయంత్రం మణెమ్మ ఒక చెంబు పట్టుకొచ్చింది. నిండా పల్లీ నూనె.

“సమ్మెట కొట్టినోన్ని ఉత్త చేతులతోని పంపొద్దు. జొన్నలిచ్చుడు రివాజు. నీకు జొన్నలెందుకు?”

ఆమె వెనుక ఇంకొకరు గిన్నెతో, ఇంకొకరు సీసాతో వచ్చారు. ఇరవై కర్రుల ఇళ్ల నుంచి ఇరవై గిన్నెలు. నీళ్లు పడక పీకేసిన బోరు ఇనుప పైపు ముక్కకు బ్రహ్మయ్య అడుగు మూసి నిలబెట్టాడు. ఒక్కొక్కరే వచ్చి అందులో పోశారు. నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను.

నాలుగో ముంచడం

మర్నాటికి వాగు తగ్గింది. నా సెలవుకి అదే ఆఖరి రోజు. పొద్దున్నే సత్తెమ్మ గాలిపంకా చక్రం తిప్పింది. బ్రహ్మయ్య గుడిసె తలుపు మూయించాడు. చీకట్లో కత్తి మెల్లగా చింతచిగురు ఎరుపు, తర్వాత పండిన మిరపకాయ ఎరుపు తిరిగింది. నేను ఎప్పుడూ ఇంకా ఇంకా అనుకునేవాణ్ణి. ఆయన “చాలు” అన్నాడు. నేనైతే ఇంకో అయిదు నిమిషాలు ఉంచేవాణ్ణి.

“నువ్వే ముంచు. నీ కత్తి గద.”

పట్టకారుతో తీసి, నిలువునా, తడబడకుండా ముంచాను. భగ్గున మంట లేచి తగ్గింది. పొగ. మిరపకాయ బజ్జీల వాసన ఊరంతా కమ్మింది. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్క పెట్టుకుంటున్నాను. పైపులో నూనె గుడగుడమంది. అంతే. ఇంకే చప్పుడూ లేదు.

తీసి తుడిచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాం. పగులు లేదు! బ్రహ్మయ్య అంచును రాతితో రుద్ది, నిప్పుల మీద మళ్లీ కాస్త వేడి చూపించి, గోధుమ రంగు తేలగానే తీసేశాడు. నేను గుడిసె చుట్టూ గంతులేస్తూ తిరిగాను. మూట కట్టుకుందామని గోనె తీస్తుంటే ఆయన చేయి అడ్డం పెట్టాడు.

“ఆగు. ఇంక అయిపోలే.”

మణెమ్మ చెలక

ఆ ఊళ్లో ఇంకో కట్టుబాటు ఉంది, నాకెవరూ చెప్పలేదు. తొలి వాన పడ్డాక కొలిమిలో కాలిన ఏ ఇనుమూ మట్టి ముట్టకుండా ఊరు దాటకూడదు. కర్రు అయినా, కొడవలైనా, గోడకు తగిలించే కత్తయినా.

“మట్టంటే, ఇక్కడ కొంచెం తాకించి...” అన్నాను.

“తాకించుడు కాదు. సాలు కొట్టాలె” అంది మణెమ్మ. కత్తితో నాగటిచాలు తీయాలని.

ఆమె చెలకకు నడిచాం. ఎర్రమట్టి, అడుగడుగునా తెల్లటి పలుగురాళ్లు. మూడేళ్ల తర్వాత మొదటిసారి విరగని కత్తి చేతిలో ఉంది. దాన్ని తీసుకెళ్లి రాళ్లల్లో గుచ్చమంటున్నారు!

“బ్రహ్మయ్య గారూ, రాయి తగిలి విరిగితే?”

“ఇరిగితె ఈడనే ఇరగనీ, నా ముందల. నీ ఇంటికి పోయినంక ఇరిగితె నీ పెండ్లాం నీ దాగలి అమ్ముతది, నా పేరు పోతది. రాయి తాకనిది గట్టిదో కాదో నాకెట్ల తెల్వాలె?”

పిడి ఇంకా లేదు. గోనెగుడ్డ చుట్టి రెండు చేతులతో పట్టుకుని, వంగి, తడిమట్టిలోకి దింపి వెనక్కి లాగడం మొదలుపెట్టాను. “లోతు, ఇంక లోతు” అంటోంది మణెమ్మ. మట్టి మెత్తగా చీలుతోంది. పది అడుగులు వచ్చింది. నాకు ధైర్యం వచ్చి కొంచెం గట్టిగా లాగాను.

టింగ్!

అదే చప్పుడు. మూడుసార్లు విన్నదే. కత్తిని పైకి తీయడానికి మనసు రాలేదు. బ్రహ్మయ్య కూడా కదల్లేదు. చివరికి సత్తెమ్మే వచ్చి నా చేతుల మీద చేయి వేసి పైకి లాగింది.

కత్తి మొత్తంగా ఉంది. అంచు మీద జొన్నగింజంత నొక్కు, అంతే. మణెమ్మ వంగి మట్టిలోంచి ఏదో తీసింది. పలుగురాయి, రెండు చెక్కలు.

“రాయి ఇరిగింది!” అని అరిచింది.

బ్రహ్మయ్య ఆ రెండు చెక్కలూ తీసుకుని, ఒకదానికొకటి ఆనించి చూసుకుని, ఒకటి తన రొండిన దోపుకున్నాడు. రెండోది నా చొక్కా జేబులో వేశాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నావి ఎలా ఉన్నాయో చెప్పక్కర్లేదు. మణెమ్మ మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోకుండా, నా సాలులో ఏడు ఆముదపు గింజలు వేసి, పాదంతో మట్టి కప్పుకుంటూ పోయింది. ఆమె వెనకే నేను గంతులేసుకుంటూ నడిచాను. ఆమెకు ఇంకా రెండెకరాల పనుంది.

తెనాలి

తిరిగి వచ్చేసరికి లక్ష్మి వాకిట్లో ఉంది. అవతల పాత సామాన్లవాడి బండి. నా మొహం చూసి ఆమెకు అర్థమైంది, అయినా కత్తి తీసి చూసింది. నొక్కు మీద వేలు పెట్టి, “ఇదేమిటి?” అంది. మొత్తం చెప్పాను. బండివాడు కూడా విన్నాడు. ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ నొక్కును ఆకురాయితో పోగొట్టడం నిమిషం పని. పోగొట్టలేదు. కొలిమికి కిటికీ లేని గది కట్టించాను. పక్కింటివాళ్లు ఇప్పటికీ మాట్లాడరు.

రెండు వారాలకు ఒక సాయంత్రం ఫోన్ మోగింది. నేను పెరట్లో ఉన్నాను. లక్ష్మి తీసింది. ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది, మధ్యలో నవ్వింది. తర్వాత పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఉప్పునుంతల నుంచి మణెమ్మగారు. మీ సాలు మొలిచిందట. ఏడు గింజలకి ఆరు మొక్కలు వచ్చాయట.”

“ఏడోది?”

“నేనూ అదే అడిగాను. రాయి విరిగిందని గంతులేస్తూ దాన్ని మీరే తొక్కేశారట.”